దండమునకు పది గుణములు



చదువురానివారికి సైతము కంఠస్థమైన సంస్కృతపు మాట యొకటి మన ప్రాంతములలో కలదు. అది “దండం దశగుణం” అను మాట. బడిలో పంతులు బెత్తము ఎత్తునప్పుడు ఈ మాటయే. ఠాణాలో జవాను లాఠీ త్రిప్పునప్పుడు ఈ మాటయే. దొంగ దొరికెనని ఊరివారు స్తంభమునకు కట్టినప్పుడును ఈ మాటయే. నాలుగు తగిలించినగాని బుద్ధి రాదని దీనికి తాత్పర్యము చెప్పుకొనుచున్నాము. సంఘ పెద్దల కూటములలో కూడ ఈ మాట అప్పుడప్పుడు వినబడుచున్నది. గనుక దీనిని కొంచెము నిదానించి పరిశీలించుట మనకు మేలు.

ఇది ఒక పాత శ్లోకమునకు చివరి ముక్క. ముందున్న ముక్కలను మనము మరచితిమి. ఆ శ్లోకములో చెప్పబడినది శిక్షనుగూర్చి కానే కాదు, చేతికఱ్ఱనుగూర్చి. మనిషి చేతిలోని కఱ్ఱ ఎన్ని విధముల పనికివచ్చునో కవి లెక్కపెట్టుచున్నాడు. పక్షులను తోలుటకు, కుక్కలను అదలించుటకు, శత్రువును ఎదుర్కొనుటకు, పామును కొట్టుటకు, పశువులను మళ్ళించుటకు పనికివచ్చును. ఇవి అయిదు. బురదలో కాలు జారకుండుటకు, నీటిలో లోతు చూచుకొనుటకు, చూపులేనివాడు దారి తెలిసికొనుటకు, చీకటిలో తడవుకొనుచు నడచుటకు, ముసలితనములో ఆనుకొనుటకు పనికివచ్చును. ఇవి అయిదు. లెక్క సరిగా సగము సగము. మొదటి అయిదును దూరముగా తోలునవి. తక్కిన అయిదును పడిపోకుండ ఆపునవి.

మనము మొదటి అయిదింటిని పట్టుకొని తక్కిన అయిదింటిని పారవేసితిమి. సగము మాటను పూర్తి మాటగా చెలామణి చేయుచున్నాము. కీర్తనకారుడు కాపరి చేతిలోని దుడ్డుకఱ్ఱను, దండమును తలంచుకొన్నప్పుడు అతనికి భయము గాక ఆదరణ కలిగెనని మన సండే బడి పిల్లలకు సైతము తెలియును. అయినను తప్పు చేసినవాడు ఎదుట నిలిచినప్పుడు మాత్రము మనకు కుక్కలను అదలించు కఱ్ఱయే జ్ఞాపకము వచ్చును. ఈ సగము మాటవలన మన జిల్లాలలో ఏమి జరుగుచున్నదో గుడుంబా సంగతిని తీసికొని చూతము.

కుండలు పగులగొట్టిన తరువాత

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి – ఈ మూడును 2016 అక్టోబరు 11న వేరు జిల్లాలు కాకమునుపు చాలమట్టుకు పాత వరంగల్ జిల్లాలోనివే. జనగామ వైపు మెట్టపొలములు, ఎండిన బోరుబావులు. మహబూబాబాద్ వైపు మిరపచేలు, తండాలు. భూపాలపల్లి వైపు అడవి, బొగ్గుగనులు. నేలలు వేరైనను మూడు చోట్లను ఈ తెగులు ఒక్కటే. బెల్లము, పటిక, నీళ్ళు కలిపి పులియబెట్టిన పానకమును వాగు ప్రక్కన పొదలలో కాచి దింపిన సారాయియే గుడుంబా. అది చవుక గనుక కూలివాడు దానిని కొనగలడు. త్వరగా తల కెక్కును గనుక విడువలేడు. దానివలన చెడిన ఇండ్లు మీ ఊరిలో ఎన్ని కలవో మీరే వ్రేళ్ళమీద లెక్కపెట్టగలరు. కావున గుడుంబా కాచుట చిన్న తప్పిదమని నేను వ్రాయుచున్నట్లు ఎవరును అనుకొనకుందురు గాక.

ఆబ్కారీవారు వత్తురు. పానకము పారబోయుదురు, కుండలు పగులగొట్టుదురు, బెల్లము పట్టుకొందురు, కేసు వ్రాయుదురు. పట్టుబడినవారిని తహసీలుదారు ఎదుట నిలిపి, ఇకమీదట కాచమని జమానతుతో కాగితము వ్రాయించుకొందురు. దీనినే మన ఊళ్ళలో బైండోవరు అందురు. ఆ కాగితము తప్పినచో రొక్కము కట్టవలెను, లేదా జైలునకు పోవలెను. మరల మరల పట్టుబడినవారిమీద పి.డి. యాక్టు పెట్టుదురు. 1986 నాటి ఆ చట్టపు పేరులో దోపిడిదొంగలకంటె ముందుగా దొంగసారా వ్యాపారులే పేర్కొనబడిరి. దాని క్రింద కోర్టు విచారణ లేకయే 12 నెలలవరకు ఒక మనిషిని నిర్బంధింపవచ్చును. తెలంగాణలో ఈ నిర్బంధపుటుత్తరువులను తేలికగా ఇచ్చివేయుచున్నారని సుప్రీంకోర్టు 2023 సెప్టెంబరులో అమీనా బేగం కేసులో గట్టిగా మందలించినది.

ఇంత జరిగిన తరువాత తప్పు ఆగవలెను గదా? ఆగుట లేదు. 2020లో కరోనా కాలమున మార్చి మొదలు మే నెలవరకు మద్యపు దుకాణములు మూయబడగా, ఆరిపోయినవనుకొన్న పొయ్యిలు తండాలలో మరల వెలిగినవి. ఆ తరువాతి ఏండ్లలోను దాడులు, పానకము పారబోయుట, పాత పేర్లమీదనే క్రొత్త కేసులు జరుగుచునే యున్నవి. దండనకు భయపడి మానివేయుదురను లెక్క ఎక్కడ తప్పిపోయినది?

దీనిని తెలిసికొనుటకు ఒక ఇంటిని ఊహించుకొందము. ఇది ఏ యొక్కరి కథయు కాదు. మీరు చూచిన పలువురి కథ. తండా చివర ఒక విధవరాలు కలదు. బోరు ఎండినది, అప్పు మిగిలినది. ఆమె పొయ్యి పెట్టినది. మొదటిసారి పట్టుబడినప్పుడు జమానతుకు, వకీలుకు, పేషీలకు తిరుగు బస్సు చార్జీలకు చేయిబదులు తెచ్చినది. మిరప ఏరినచో దినమునకు వచ్చు కూలి ఎంత? వడ్డీవానికి వారము వారము కట్టవలసినది ఎంత? వారము దినములలో చేతికి రొక్కము వచ్చు పని ఆమె కెరిగినంతలో ఒక్కటే. అనగా మొదటి కేసు ఖర్చు తీర్చుటకే రెండవ కుండ పెట్టవలసి వచ్చినది. మనము ఆమెను మాన్పించుటకు వేసిన దండనయే ఆమెకు క్రొత్త అప్పైనది.

మన పెద్దలు జరిమానాను దండుగ అనిరి. పనికిమాలిన ఖర్చును దండగ అనిరి. ఈ రెండు మాటలకు మధ్య దూరమెంతయో మీరే చూడుడు.

ఇక జైలు సంగతి. 2022 లెక్కల ప్రకారము మన దేశములోని జైళ్ళలో నూటికి 75 మందికి పైగా ఇంకను తీర్పు కానివారే. వారు చేసిరో చేయలేదో తేలకమునుపే నెలలు గడచిపోవును. వరంగల్‌లో 1886లో కట్టిన కేంద్ర కారాగారము ఉండెను. అక్కడి ఖైదీలు నేసిన జంపఖానాలకు పేరుండెను. ఆసుపత్రి కట్టుటకొరకు 2021లో దానిని పడగొట్టి ఖైదీలను చర్లపల్లి మొదలగు జైళ్ళకు తరలించిరి. ఆసుపత్రి మంచిదే. కాని భూపాలపల్లి వైపు పల్లెలోని తల్లి తన కుమారుని చూచుటకు వరంగల్ దాటి హైదరాబాదువరకు, సుమారు 200 కిలోమీటర్లు పోవలసివచ్చినది. ఒక దినపు కూలి పోవును, చార్జీలు పోవును. మెల్లగా రాకపోకలు తగ్గును. ఇంటితో సంబంధము తెగిన మనిషి బయటికి వచ్చునప్పుడు ఎక్కడికి పోవును? లోపల పరిచయమైనవారియొద్దకే పోవును. జైళ్ళశాఖవారు అక్షరములు నేర్పుచున్నారు, ఖైదీలచేత పెట్రోలు బంకులు నడిపించుచున్నారు, అది మెచ్చుకొనదగినది. అయితే జైలులో నేర్చుకొన్న పనిని జైలు బయట ఎవరిచ్చెదరు? మన ఊరిలో ఎవరిచ్చెదరు?

కేసు కాగితములో లేనిది ఎవరు?

గుడుంబా కేసు కాగితమును ఒకసారి చదివి చూడుడు. ఫిర్యాది ప్రభుత్వము. సాక్షి జవాను. సాక్ష్యము సీసాలోని సారాయి. ముద్దాయి కాచినది. ఆ సారాయి త్రాగి చచ్చినవాని భార్య పేరు అందులో లేదు. బడి మాని మేకలు కాయుచున్న వాని కుమార్తె పేరు లేదు. కాచినది చేసిన తప్పు ఎవరిమీద చేసినది? చట్టపు లెక్కలో ఆబ్కారీ పన్ను ఎగవేయుట తప్పు. లైసెన్సు లేకుండుట తప్పు. ప్రక్క యింటి కుండలో గింజలు లేకపోవుట ఆ కాగితమునకు తెలియదు. కాచినదానికిని తెలియదు, ఏలయనగా ఎవరును ఆమెను ఆ యింటిముందు కూర్చుండబెట్టి చెప్పలేదు. ఆమెకు తెలిసినదంతయు ఒక్కటే: “పట్టుబడితిని.” పట్టుబడితినని దుఃఖించువారు మరుసారి పట్టుబడకుండ కాచుట నేర్చుకొందురు. పాడుచేసితినని దుఃఖించువారు మాత్రమే మానుకొందురు.

నష్టపోయినవారు నోరు తెరచినప్పుడు ఏమి జరుగునో మన రాష్ట్రములు ఒకసారి చూచినవి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువుకొనుటకు రాత్రిబడికి వచ్చిన స్త్రీలు సారా దుకాణము వద్దనిరి. ఆ కేక జిల్లాలు దాటినది. 1993లో ప్రభుత్వము సారాను నిషేధించినది. 1995లో మద్యమునంతటిని నిషేధించినది. ఎన్ని లాఠీలు చేయలేని పనిని వంటింటి స్త్రీలు చేసిరి, ఏలయనగా వారు పన్ను లెక్క చెప్పలేదు. తమ యింటి లెక్క చెప్పిరి. అయితే నిషేధము వచ్చిన తరువాత పని మరల జవాను చేతికి పోయినది, స్త్రీలు మరల వంటింటికి పోయిరి. 1997లో ఆ నిషేధము ఎత్తివేయబడినది.

రెండు లక్షల సహాయము

దండన చాలదని ప్రభుత్వమునకు తెలియలేదని చెప్పుట అన్యాయము. 2015 మొదలు గుడుంబాను అరికట్టుటకు తెలంగాణ ప్రభుత్వము గట్టి ప్రయత్నము చేసినది. ఆ వెంటనే గుడుంబా విడిచినవారికి పునరావాస పథకము పెట్టి, ఒక్కొక్కరికి 2 లక్షల రూపాయల విలువగల జీవనోపాధిని ఏర్పరచినది. ఆటో కొనుటకు, కిరాణా దుకాణము పెట్టుటకు, గేదెలు, గొఱ్ఱెలు కొనుటకు దానిని ఇచ్చిరి. ఇది చేతికఱ్ఱలోని తక్కిన అయిదు గుణములను జ్ఞాపకము చేసికొన్న పని. దీనిని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకొనుచున్నాను. దీనివలన నిజముగా పొయ్యి ఆర్పి నిలబడిన కుటుంబములు మన జిల్లాలలో కలవు.

అయినను ఇందులో రెండు లోపములను చెప్పవలసియున్నది. మొదటిది, ఇక్కడను నష్టపోయినవారు లేరు. కాచినది దండన పొందినప్పుడు వారు లేరు. కాచినది సహాయము పొందినప్పుడును వారు లేరు. ప్రక్క యింటి విధవరాలు ఈ గేదెలను చూచి ఏమనుకొనును? “నా మగని చంపినదానికి గేదెలు, నాకు ఏమియు లేదు” అనుకొనును. ఆ మాట తప్పని ఎవరు చెప్పగలరు? సహాయము పొందిన యిల్లును, నష్టపోయిన యిల్లును ఎదురెదురుగా నిలిచియుండగా, మధ్య మాట లేక పగ మిగిలిపోయినచో, గేదెలు చచ్చిన దినమున ఆ యింటికి ఊరిలో ఎవరును చేయి అందింపరు. అప్పుడు మరల పొయ్యియే.

రెండవది, ప్రభుత్వము ఒక చేతితో ఆర్పుచు మరియొక చేతితో అమ్ముచున్నది. 2023లో రాష్ట్రములోని 2,620 మద్యపు దుకాణములకు దరఖాస్తులు పిలిచిరి. ఒక్కొక్క దరఖాస్తుకు తిరిగి ఇవ్వని రుసుము 2 లక్షల రూపాయలు. లక్షకు పైగా దరఖాస్తులు రాగా 2,600 కోట్ల రూపాయలకు పైగా ఆ రుసుముమీదనే చేరినది. ఒక సీసాయైనను అమ్మకమునుపే వచ్చిన సొమ్ము ఇది. గుడుంబా విడిచిన కుటుంబము జీవితమంతయు నిలబడుటకు ఇచ్చినది 2 లక్షలు. దుకాణపు లాటరీలో పేరు వేయుటకు కట్టినది 2 లక్షలు. సీసామీద ముద్ర యున్నదా లేదా అనుటలో తప్పు ఉన్నదా, లేక త్రాగినవాని యింట పొయ్యి వెలుగకపోవుటలో ఉన్నదా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండ తండాలోని ఆడుదానికి మాత్రము బుద్ధి చెప్పుట నమ్మకము పుట్టించు న్యాయము కాదు. న్యాయముమీద నమ్మకము లేనివారికి దండన ఒక దురదృష్టమువలె కనబడును గాని దిద్దుబాటువలె కనబడదు.

స్టువర్టుపురము చెప్పు పాఠము

దండించుట మాని దిద్దుదమని బయలుదేరినవారు కూడ త్రోవ తప్పవచ్చును. ఇందుకు సాక్ష్యము మన మిషనుల చరిత్రలోనే కలదు గనుక దానిని దాచక చెప్పుకొందము. 1871లో ఆంగ్ల ప్రభుత్వము క్రిమినల్ తెగల చట్టము చేసినది. 1911 నాటి చట్టముతో అది మద్రాసు రాజధానికిని వచ్చినది. ఫలాని కులములో పుట్టినవారందరు పుట్టుకతోనే నేరస్థులని ఆ చట్టపు భావము. బాపట్ల సమీపమున 1913 ప్రాంతములో ఎరుకలవారికొరకు ఒక సెటిల్మెంటు ఏర్పడినది. గవర్నరు కౌన్సిలు సభ్యుడగు హెరాల్డ్ స్టువర్ట్ పేరిట దానికి స్టువర్టుపురమని పేరు పెట్టిరి. దానిని నడుపుటకు రక్షణసైన్యమువారు పూనుకొనిరి.

వారు భూమి ఇప్పించిరి, బడి పెట్టిరి, రోగులను చూచిరి. దానిని తక్కువ చేయరాదు. కాని హాజరు పుస్తకము, వ్రేలిముద్రలు, ఊరు దాటుటకు అనుమతి చీటి ఆ చట్టముతో పాటు వచ్చినవి. ప్రేమతో చేయి చాపినవారే హాజరు పిలుచు చేయి కూడ కావలసివచ్చినది. ఏ తప్పును చేయని బిడ్డయు దొంగల పట్టికలో పుట్టినది. స్వతంత్రము వచ్చిన తరువాత 1952 ఆగస్టు 31న ఆ చట్టము దేశమంతట రద్దు చేయబడినది. పట్టిక పోయినను పేరు పోలేదు. ఆ ఊరి పేరు చెప్పినచో బస్సులో ప్రక్కనున్నవారు సంచి సర్దుకొను దినములు చాలకాలము నడచినవి. ఆ పేరుతో పని దొరకనివాడు ఆ పేరుకు తగిన పనికే పోయెను.

1970ల దశకములో ఆ ఊరికి పోయి అక్కడివారితో కూర్చుండినవారు హేమలత, లవణం దంపతులు. ఆమె మహాకవి గుఱ్ఱం జాషువ కుమార్తె. ఆయన నాస్తికుడగు గోరా కుమారుడు. నేరములు విడిచినవారికి పని, వారి పిల్లలకు చదువు, చుట్టుప్రక్కల ఊళ్ళవారి నమ్మకము – ఈ మూడింటికొరకు వారు పాటుపడిరి. హాజరు పుస్తకము పట్టుకొనక మనుష్యుల మాట పట్టుకొనిరి. మనతో విశ్వాసము పంచుకొననివారు చేసిన ఈ పనియెదుట మనము తల వంచవలెను; నేర్చుకొనవలెను కూడ.

ఈ పాఠము పాతబడిపోలేదు. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు జైళ్ళలో కులమునుబట్టి పనులు పంచు నియమములను కొట్టివేసినది. విముక్త జాతులవారిని అలవాటుపడిన నేరస్థులుగా ఎంచరాదనియు చెప్పినది. చట్టము రద్దై 72 ఏండ్లు గడచిన తరువాత ఈ మాట చెప్పవలసి వచ్చినదనగా పేరు ఎంత గట్టిగా అంటుకొనునో చూడుడు. మన జిల్లాలలో “అది గుడుంబా తండా” అని నోటికి వచ్చినట్లు అనుచున్నాము. ఆ తండాలో పదవ తరగతి చదువుచున్న పిల్లకు మనము ఏ పేరు పెట్టుచున్నామో ఆలోచింపుడు.

ఎదురుగా కూర్చుండుట

అయితే చేయవలసినదేమి? దండనయు కాక, ఊరక చేతిలో సొమ్ము పెట్టుటయు కాక, మూడవ త్రోవ కలదా? కలదు. అది క్రొత్తదియు కాదు. నిర్గమకాండములోని ధర్మమును చూచినచో దొంగకు జైలు లేదు. దొంగిలించిన యెద్దును కోసినను అమ్మినను ఒకటికి అయిదు, గొఱ్ఱెకు నాలుగు ఇయ్యవలెను. అది రాజు ఖజానాకు పోదు, యెద్దు పోగొట్టుకొన్న రైతు దొడ్డికి పోవును. జక్కయ్య చెట్టు దిగిన దినమున ఎవరును అతనిని కొట్టలేదు, ఎవరును అతనికి సొమ్ము ఇయ్యలేదు. అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగింతలు ఇచ్చెదనని అతడే చెప్పెను. దేశపు లెక్కలో అతడు సుంకరుల పెద్ద. ఆ మాట చెప్పినప్పుడు తాను ముంచిన ఇండ్లన్నియు అతని కన్నులకు కనబడియుండవలెను.

1974లో కెనడా దేశమందలి ఎల్మైరా అను చిన్న పట్టణములో ఇద్దరు యువకులు త్రాగి ఒక్క రాత్రిలో 22 మంది ఆస్తిని పాడుచేసిరి. మెన్నోనైట్ సంఘమునకు చెందిన ఇద్దరు పనివారు, వీరిని నష్టపోయినవారి ఇండ్లకు తీసికొనిపోదుమా అని న్యాయాధిపతిని అడిగిరి. ఆయన ఒప్పుకొనెను. ఆ యువకులు తలుపు తట్టి, నేనే చేసితిని అని చెప్పి, నష్టమెంతయో విని, కొన్ని నెలలలో కట్టిరి. వారిలో ఒకరు తరువాతి కాలమున అదే పనిలో సేవచేసిరి. ఆ విధానము అనేక దేశములకు ప్రాకినది. 1989లో న్యూజీలాండు దేశము బాలనేరస్థుల విషయములో ఇరుపక్షముల కుటుంబములను కూర్చుండబెట్టు పద్ధతిని చట్టముగా చేసినది. ఇట్లు కూర్చుండినవారు మరల నేరము చేయుట తగ్గినదని పరిశోధకులు కనుగొనిరి. ఆ తగ్గుదల మితమైనదే, అద్భుతము కాదు. కాని నష్టపోయినవారి మనస్సునకు కలిగిన ఊరట మాత్రము ఎక్కువ.

మన దేశపు చట్టము కూడ ఈ వైపునకు ఒక చిన్న అడుగు వేసినది. 2024 జూలై 1 మొదలు అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో, 5,000 రూపాయలకు తక్కువైన దొంగతనములో మొదటిసారి దోషియైనవాడు ఆ వస్తువునో దాని వెలనో తిరిగి ఇచ్చినచో అతనికి సమాజసేవయే శిక్ష. త్రాగి బహిరంగ స్థలమున అల్లరి చేసినవానికిని సమాజసేవ విధింపవచ్చును.

ఇక్కడ ఒక పెద్దమనిషి అడ్డు వచ్చి, “అయ్యగారూ, మా ఊరి పంచాయితీలో ఎప్పటినుండియో తప్పు కట్టించుచునే యున్నాము గదా” అనవచ్చును. నిజమే. తప్పు అను మాటకే మన ఊళ్ళలో జరిమానా అని అర్థము. కాని ఆ తప్పు సొమ్ము ఎవరికి పోవుచున్నది? నష్టపోయినవారికి కొంత, పెద్దల విందునకు కొంత. కొన్నిచోట్ల ఆ సొమ్ముతోనే సీసాలు వచ్చుచున్నవి. బలవంతుని మాటయే తీర్పగుచున్నది. అది నేను చెప్పుచున్నది కాదు. స్త్రీలమీద, పిల్లలమీద జరిగిన అత్యాచారములను, దళిత గిరిజనులమీది దౌర్జన్యములను పంచాయితీలో రాజీ చేయుట నేరమును కప్పిపుచ్చుటయే. అట్టివాటికి కోర్టే దిక్కు. నష్టపోయినవారు ఇష్టపడి కూర్చుండినచో తప్ప ఎవరిని ఎదురుగా కూర్చుండబెట్టరాదు. వారు క్షమింపకపోయినను వారిని నిందింపరాదు. క్షమించుమని బలవంతపెట్టుట వారికి మరియొక దెబ్బ.

ఇది మెత్తని పద్ధతి అని కొందరందురు. ఏది కష్టము? నాలుగు నెలలు సబ్ జైలులో గోడవైపు చూచుచు కూర్చుండుటా? చచ్చినవాని భార్య కన్నులలోనికి చూచి, “నీ యింటికి నేను అమ్మితిని” అని చెప్పుటా? మొదటిదానిని ఓర్చుకొన్నవారు అనేకులు. రెండవదానిని ఓర్చుకొనుటకు మనస్సు మారవలెను.

సంఘములు ఏమి చేయవలెను?

ఈ విమర్శ ప్రభుత్వమునకే పరిమితమైనచో సగము మాటయే చెప్పినవాడనగుదును. మన సంఘములలో గుడుంబా కేసు పడిన స్త్రీని బల్లకు దూరము చేయుచున్నాము, పేరు కొట్టివేయుచున్నాము. ఆ తరువాత ఆమె యింటికి ఎవరు పోవుచున్నారు? క్రమశిక్షణ తిరిగి తెచ్చుటకు గదా ఏర్పడినది! ఆమె యొద్ద కొని త్రాగినవాడు మాత్రము ఆదివారము మంచి చొక్కా తొడుగుకొని ముందు వరుసలో కూర్చుండుచున్నాడు. అతనిమీద కేసు లేదు గనుక మనకును అభ్యంతరము లేదు. ఇది పోలీసు కాగితమును సంఘ పుస్తకములోనికి ఎత్తి వ్రాసికొనుటయే. పౌలు ఒనేసిమును తిరిగి పంపినప్పుడు ఫిలేమోనుకు కలిగిన నష్టము లేదనలేదు. దానిని తన లెక్కలో వేయుమనెను. నష్టమును ఒప్పుకొనుట, మనిషిని చేర్చుకొనుట – రెండును ఒక్క ఉత్తరములోనే కలవు.

కావున ప్రతి సంఘములో ఈ కొన్ని పనులు చేయవచ్చును. కేసు పడిన యింటికి పెద్దలిద్దరు, స్త్రీల సమాజమునుండి ఇద్దరు మొదటి వారములోనే పోవుడు. స్త్రీలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి రాబడి ఎంతైనను 1987 నాటి చట్టము ప్రకారము న్యాయసేవాధికార సంస్థ ఉచితముగా వకీలును ఇచ్చునని చెప్పుడు. దానివలన అప్పు తగ్గును. త్రాగుడువలన చెడిన యింటికి వేరుగా పోయి, వారు ఏమి పోగొట్టుకొనిరో నింపాదిగా వినుడు. ఇరువురును ఇష్టపడినచో ఒక దినము కూర్చుండబెట్టుడు. కాచినది ఏమి చేయగలదో ఆమె నోటనే చెప్పనిండు. ఆ పిల్ల బడి పుస్తకములు కొనుటయో, వారి చేనిలో కొన్ని దినములు పనిచేయుటయో, సాయముగా వచ్చిన గేదె పాలలో కొంత ఆ యింటికి పోయుటయో కావచ్చును. త్రాగినవాడును అక్కడ కూర్చుండవలెను. అతని పాలు అతనికి చెప్పవలెను. ఆ తరువాత ఆమెకు పని చూపవలెను. పొదుపు సంఘములో తిరిగి చేర్చుకొనుట, మిరప ఏరు గుంపులో ఆమెను పిలుచుట, పెండ్లికి ఆమె యింటికి కబురు పంపుట మొదలగునవి చేయుటకు సర్కారు ఉత్తరువు అవసరము లేదు.

ఇన్ని చేసినను కొందరు మరల కాచెదరు. అప్పుడు ఆబ్కారీవారు వత్తురు, వారి పని వారు చేయుదురు. వారిని మనము తప్పుపట్టము. విషము అమ్ముట ఆగవలసినదే. మొదటి అయిదు గుణములును కఱ్ఱలోనివే. కాని ఆమె తిరిగి వచ్చునాటికి ఆ తండాలో కనీసము ఒక్క యింటి తలుపైనను తెరచియుండవలెను. రాబోవు సంఘ కూటములో, పేరు కొట్టివేయబడినవారి జాబితాను ముందు పెట్టుకొని, ఒక్కొక్క పేరునకు ఎవరు పోవుదురో వ్రాసికొనుడు.